పద్మ కళ్ల ముందు మెరుపులు

వాదనలో గెలిచి మనిషిని పోగొట్టినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఇప్పుడు చదువుతున్నారు. ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. సభల్లో చప్పట్లు వినబడినప్పుడల్లా అది ఇంకొంచెం పెరిగేది.

నాంపల్లిలో మా ఇంటి కింది వాటాలో యాదగిరి కిరాయికి ఉండేవాడు. అబిడ్స్‌లో బట్టల షాపులో పని. భార్య పద్మకు ఎనిమిదో నెల. తోడుగా ఉండటానికి అతని తల్లి లచ్చమ్మ ఊరి నుంచి వచ్చింది. నేను మూఢనమ్మకాల మీద రాసేవాణ్ణి, మాట్లాడేవాణ్ణి. యాదగిరికి నా మాటంటే గురి.

ఒక సాయంత్రం పద్మ తల పట్టుకుని మెట్ల మీద కూలబడింది. ముఖం ఉబ్బి ఉంది.

"కండ్ల ముంగట మెరుపులు మెరుస్తున్నయ్ సారూ. నెత్తి పగిలిపోతుంది."

"పిల్లకు గాలి సోకింది," అంది లచ్చమ్మ.

"మెరుపుల దయ్యమా? మరి కరెంటు బిల్లు ఎవరు కడతారమ్మా?" అన్నాను. యాదగిరి పకపకా నవ్వాడు. పద్మ కూడా నవ్వబోయింది.

లచ్చమ్మ నవ్వలేదు. "గాలి కాకుంటే కాకపాయె. జర దవాఖానకన్న తీస్కపోదాం సారూ. నాకు ఫికరైతుంది."

"గాలీ లేదు, రోగమూ లేదు. గర్భంలో రక్తనాళాలు వదులవుతాయి, అందుకే ఈ నలత. నీ భయమే ఆ పిల్లకు పట్టుకుంది."

"సారు చెప్పినంక ఇంకేందే అవ్వా!" అని యాదగిరి తల్లిని కసిరాడు.

నేను చెప్పింది సగం. ఎక్కడో చదివిన సగం. మిగతాది తర్వాత చదివాను. గర్భిణి ఒంట్లో నరాలు రక్తనాళాలను బిగుసుకోమని మామూలుకన్నా గట్టిగానే చెబుతుంటాయి. అంతా సవ్యంగా ఉంటే నాళాలు ఆ ఆదేశానికి అంతగా లొంగవు; వదులుగానే ఉండి బిడ్డకు రక్తం అందనిస్తాయి. కొందరిలో ఈ తూకం చెడుతుంది. నాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎగబాకుతుంది. తలనొప్పి, మెరుపులు, ముఖం వాపు దాని హెచ్చరికలు. అవన్నీ నా ఎదురుగానే ఉన్నాయి. వీధి చివరి మందుల షాపులో బీపీ మిషనూ ఉంది.

మర్నాడు పొద్దున పద్మకు మూర్ఛలు వచ్చాయి. దవాఖానకు చేరేసరికి బిడ్డ లేదు. సాయంత్రానికి పద్మా లేదు.

అది తప్పు. నేరం ఆ తర్వాతిది. అబిడ్స్‌లో ఒక సభలో, గాలి సోకిందంటూ అత్త ఆలస్యం చేసిందని, అందుకే కోడలు పోయిందని చెప్పాను. యాదగిరి ముందు వరుసలో ఉన్నాడు. ఆ సాయంత్రం మెట్ల దగ్గర అంతా విన్నవాడే. కానీ తన నవ్వును మరిచిపోవడానికి అతనికి ఒక మాట కావాలి. నేను ఇచ్చాను. తల్లిని ఊరికి పంపేశాడు. మళ్లీ ముఖం చూడలేదు.

ఎందుకన్నాను? హేతువాదాన్ని కాపాడటానికా? దానికి నా అబద్ధం అవసరమా? దయ్యం లేదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ పరీక్ష చేయించకుండా రోగం లేదన్నవాడు హేతువాది ఎలా అవుతాడు? ఆ మెట్ల మీద హేతువు మాట్లాడింది లచ్చమ్మ ఒక్కతే.

ఇది అచ్చుకిచ్చే ముందు, గౌలిగూడకు మారిన యాదగిరికి చదివి వినిపించాను.

"అవ్వ సచ్చిపోయింది సారూ. గిప్పుడు ఎవరికి చెప్తవ్?"

మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో గర్భిణి తల పగిలిపోతోందంటే, కళ్ల ముందు మెరుపులంటే, నాలాంటివాణ్ణి అడగకండి. వాదన ఆపండి. లేవండి. అప్పటికప్పుడు దవాఖానకు తీసుకెళ్లి బీపీ చూపించండి.