ఇరవై రెండు లోపాల బండి

మేస్త్రీని దొంగను చేసింది అతను పద్నాలుగేళ్లు పనిచేసిన కార్ల షెడ్డు యజమానే. ఇంజను పగిలిన కారును పైపైన తళతళలాడించి ఎవరికో అంటగట్టాడు. కొన్నవాళ్లు గొడవకొస్తే, "మా మేస్త్రీ చూసి బాగుందన్నాడు, నాకేం తెలుసు?" అని చేతులు దులుపుకున్నాడు. పగులుందని మేస్త్రీ ముందే మొత్తుకున్న సంగతి ఆ నోట రాలేదు. అలాంటి నోళ్లకే బజార్లో విలువ. మేస్త్రీకి ఉద్యోగం పోయింది, 'అతుకుల మేస్త్రీ' అన్న పేరు మిగిలింది.

బేకరీ ఆవిడకు ఇదంతా తర్వాత తెలిసింది. మేస్త్రీ అమ్మకానికి పెట్టిన బండి చూడ్డానికి వెళ్లిన రోజు ఆవిడ బాధ ఆవిడది. రొట్టెలు చేరవేసే వ్యాను మూడోసారి నడిరోడ్డు మీద చతికిలపడింది. ఆ వ్యానూ, దానికి ముందు బండీ మాయమాటలు నమ్మి కొన్నవే. ఈసారీ మోసపోతే బేకరీకి తాళమే.

ఇంటి వెనక రేకుల కింద వెనక సామాను పట్టే పొడుగాటి బూడిదరంగు వ్యాగన్ కారు ఉంది. మేస్త్రీ తాళాలివ్వలేదు. రెండు కాగితాలు తీసి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"ఒకటి, చలికి క్లచ్ బిగుస్తుంది. రెండు, ఇంజనుకు ఊపునిచ్చే పెద్ద టర్బో పెట్టాను గదా, తొక్కగానే ఉలకదు పలకదు. కాసేపాగి ఒక్కసారిగా మీద పడుతుంది, మా ఆవిడలాగా."

"వింటున్నా," అంది వంటింటి కిటికీలోంచి భార్య. "ఆరుగురొచ్చారమ్మా, ఒక్కరూ రెండో కాగితం దాకా నిలబడలేదు. ఈయన బండి అమ్ముతున్నారో, వచ్చినవాళ్లను తరుముతున్నారో! కళ్లు మసకేశాయి, స్టీరింగు ముట్టొద్దన్నాడు డాక్టరు. నెలాఖరుకు ఈ చోటు ఖాళీ చెయ్యాలి. లేకపోతే పాతసామాన్లవాడొచ్చి ముక్కలు చేసి పట్టుకుపోతాడు."

మేస్త్రీ ఆమె మాట విననట్టే పదకొండో లోపానికి, అక్కణ్ణుంచి ఇరవై రెండుకు వెళ్లాడు. బేకరీ ఆవిడ అంతా విన్నది.

"అన్నీ లోపాలే రాశారు. ఎందుకు కొనాలో రాయలేదేం?"

మేస్త్రీ కాగితాలు మడిచాడు. పన్నెండేళ్లు ప్రతి ఆదివారమూ కూర్చుని తన చేత్తో మార్చుకున్న బండి. దాన్ని మెచ్చుకోవచ్చన్న ఊహే రాలేదు.

"బాగుందని నేనంటే ఎవరు నమ్ముతారమ్మా? నువ్వే నడిపి చూడు."

ఎత్తు రోడ్డు మీద వ్యాగన్ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత ఆవిడ వీపు సీటుకు అతుక్కుపోయింది. ఎన్నో నెలల తర్వాత ఆవిడ గట్టిగా నవ్వింది. పక్కన మేస్త్రీ కళ్లు మూసుకుని ఇంజను వింటున్నాడు.

ఇంటికొచ్చాక ఆవిడ తాళం మీద చెయ్యేసింది గానీ తిప్పలేదు.

"ఆపవేం?" అన్నాడు.

"ఇంత పరుగెత్తించి టక్కున ఆపితే ఎలా? మా పొయ్యీ అంతే బాబాయ్. మంట తీసిన వెంటనే తలుపు బార్లా తెరిస్తే లోపలి ఇటుకలు పగుల్తాయి."

మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. "నీకన్నా ముందు ఇద్దరు, కాగితం సగంలోనే ఆపించి, బండి నడిపారు. ఇద్దరూ బ్రేకు తొక్కుతూనే తాళం తిప్పేశారు. టర్బో కాగి ఉంటుంది, నిమిషం ఊపిరి పీల్చుకోనివ్వాలి. ఇదొక్కటే కాగితంలో రాయలేదు. రాస్తే నా ముందు అందరూ బుద్ధిమంతులైపోతారు."

నిమిషమయ్యాక అన్నాడు: "ఇప్పుడు ఆపు. తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

మూడేళ్లుగా ఆ వ్యాగనే బేకరీని మోస్తోంది. కాగితంలో ఉన్న లోపాల్లో కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. ఇరవై మూడోది మాత్రం ఎక్కడా కనపడలేదు. బజార్లో ఎవరైనా 'అతుకుల మేస్త్రీ' అంటే ఆవిడ ఆ రెండు కాగితాలూ తీసి బల్ల మీద పరుస్తుంది. "ఇంత నిజం చెప్పి మీలో ఎవరైనా ఏదైనా అమ్మారా?" అని అడుగుతుంది. రోజంతా పరుగులే అయినా, తాళం తిప్పే ముందు ఆ ఒక్క నిమిషం ఆవిడకూ విశ్రాంతే. ఆ నిమిషంలో మేస్త్రీని తలుచుకోని రోజు లేదు.

కిందటి వారం వేడి రొట్టె తీసుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆయనకిప్పుడు వెలుగు తప్ప ఏమీ ఆనదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఆగి ఉన్న బండిలో ఇంకా తిరుగుతున్న ఇంజను చప్పుడు తల వంచి విన్నాడు.

"పదకొండోది మొదలైంది, బేరింగు కూస్తోంది. కంగారుపడకు, ఆ వేళే చెప్పాను గదా," అన్నాడు. "చెప్తే విన్నదానివి నువ్వొక్కదానివే తల్లీ. ఇంక ఆపు, నిమిషమైంది."