అమీర్‌పేటల కుట్టిన పడవ

అమీర్‌పేటల పడవ కొన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా వాడకట్టు పాతోళ్ళు ఎవలన్న ఎదురైతే ఇప్పటికీ "ఏమమ్మా, నీ పడవ ఏ ఒడ్డుకు చేరింది?" అని పళ్ళికిలిస్తరు. నవ్వుకోనియ్యి, నాకేం పోయింది! సముద్రం ఎక్కడ, మేమెక్కడ? అప్పటి అమీర్‌పేట అంటే తోటలు, జొన్నచేన్లు, నడుమ నడుమ నవాబుల బంగ్లాలు. బావిల బొక్కెన పడితే దిగి తీసే మనిషి దొరకకపోవు, అంత భయం మాకు నీళ్ళంటే. గట్లాంటి ఊర్ల నేను పడవ కొన్న. నా మొగుడు నాకు దక్కాలని కొన్న.

ఆయనది బందరు దిక్కు, సముద్రపు ఒడ్డున ఒక పల్లె. చేపలు పట్టే ఇల్లు. వడ్లపని, అంటె చెక్కపని, సుత చేతనైతుండె. పంజగుట్టల ఒక నవాబు బంగ్లాకు తలుపులు, కిటికీలు చెయ్యనీకె వచ్చి, అదే బంగ్లాకు కూరగాయలు పోసే మా నాయిన కండ్లల్ల పడ్డడు. మా నాయినకు కొడుకుల్లేరు. పిల్లగాడు నెమ్మదస్తుడు, తాగడు, చేతిల పనున్నది అని నన్నిచ్చి ఇల్లరికం పెట్టుకున్నడు. నేను రవికెలు కుడుతుంటి, ఆయన చెక్కలకు రంద కొడుతుండె. దేనికీ తక్కువ లేదు. ఒక్కటే బాధ. నా మొగుడు మా ఇంటికి ఒక్కడే రాలే, వాళ్ళన్నను ఎంటబెట్టుకొని వచ్చిండు.

ఆ అన్న సముద్రంల పోయి అప్పటికే ఏండ్లయింది. పోయిండు అని నేనంటున్న గని, ఆ మాట వాళ్ళ పల్లెల అనొద్దు. శవం ఒడ్డుకొస్తేనే మనిషి చచ్చినట్టు. రాకపోతే "ఇంకా రాలేదు" అనాలె, అంతే. దినాలు చెయ్యరు. పెండ్లాం బొట్టు తియ్యదు, గాజులు తియ్యదు, పెండ్లిళ్ళల్ల ముందు నడుస్తది. ఎవలన్న నోరు తెరిచి "చచ్చిపోయిండు" అన్నరో, ఇగ ఆ మాటతోటే ఆ మనిషి చచ్చినట్టు లెక్క. నాకివన్ని ఏం తెల్సు? పెండ్లయిన కొత్తల "మీ అన్న ఎట్ల చచ్చి..." అని అడగబోతే ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టిండు. "అనకు. అన్నయ్య ఇంకా రాలేదంతే" అన్నడు.

జర చల్లగాలి వీచిందంటె చాలు, ఆయన మనసు ఇంట్ల ఉండకపోవు. "చిన్న పడవ ఒకటి కొనుక్కుంటే చాలే. పాతదైనా సరే. వెళ్ళిపోతాను" అనెటోడు. నాకు ఒళ్ళు మండేది. "ఆ సముద్రానికి ఒక మనిషిని ఇచ్చింది సాలలేదా? నిన్ను సుత ఇయ్యాల్నా?" అని కొట్లాడేదాన్ని. ఆయన వాకిట్లకు పోయి గాలి ఎటు కొడుతున్నదో చూసెటోడు. మాట్లాడని మనిషితోని ఎంతసేపు కొట్లాడుతం? అన్నం పెట్టి ఊకునేదాన్ని.

జర్మనోళ్ళ యుద్ధం మొదలైన కొత్తల ఆ నవాబు బంగ్లా సామాన్లు అమ్మకానికి పెట్టిండ్రని తెల్సి పోయిన. తోటల ఒక మూలకు పడవ బోర్లించి ఉన్నది. ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ల బేగంలు షికారుకు పోయిన పడవట. ఇప్పుడు దాని కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నయి. నాకు తళుక్కుమని ఒక ఆలోచన తట్టింది. పడవ కావాల్నంటడు కద, గిదే పడవ! నీళ్ళు కావాల్నంటడు కద, సాగర్ ఎంత దూరం? సాయంత్రం పోయి వల ఏసుకొని, చీకటి పడేటాల్లకు ఇంటికొస్తడు. బందరు పేరు మర్చిపోతడు. నా తెలివికి నేనే మురిసిపోయిన.

"గిది నీకెందుకమ్మా?" అన్నడు లెక్కలు చూసే మున్షీ.

"కోళ్ళకు" అన్న. పడవ కొంట అంటె పడవ ధర చెప్తడు, కోళ్ళగూడు కొంట అంటె గూడు ధర చెప్తడు. పాలిచ్చే మేక ధర సుత పడలే. రవికెలు కుట్టిన పైసలు ఇచ్చి, బండికెత్తించి ఇంటికి తెచ్చిన. మా నాయిన వాకిట్ల నిలబడి నోరెళ్ళబెట్టిండు. "బిడ్డా, నీకు సుత ఆ పడవ పిచ్చి అంటుకున్నదా ఏంది?" అన్నడు.

ఆయన పని నుంచి వచ్చిండు. పడవను చూసి మొఖం విచ్చుకున్నది. ఒక్క నిమిషమే. దగ్గరికొచ్చి, చెక్క మీద చెయ్యి పెట్టి మెల్లగ జరుపుకుంట పోతుంటె, వేలు ఒక మొల తలకాయ మీద ఆగింది. ఆడనే కూలబడ్డడు.

"మేకులు" అన్నడు.

ఆ రోజు నాకు మొదటిసారి ఆ ముచ్చట చెప్పిండు. అన్నదమ్ములిద్దరు మొదటి పడవ కొందామని చూసిండ్రట. వాళ్ళ దిక్కు సముద్రానికి పోయే పడవకు మొలలు కొట్టరు. పలక అంచుకు పలక పెట్టి, బెజ్జాలు వేసి, కొబ్బరితాడుతోని కుడతరు. కెరటం గుద్దితే కుట్టిన పడవ వంగుతది. మొలలు కొట్టింది వంగదు, విచ్చుకుంటది. గని కుట్టిన పడవ ధర వాళ్ళకు అందలే. బందరు రేవుల ఓడోళ్ళు పాతబడ్డదని అమ్మిన మొలల పడవ ఒకటి చౌకగ దొరికింది. పెద్దలు వద్దన్నరు. "జాగ్రత్తగా తోలుకుంటే సరిపోతుందిలే" అన్నడట అన్న. కొన్నాళ్ళు సరిపోయింది సుత. ఒక రోజు తిరిగొస్తుంటె, ఒడ్డు కనబడుతుంటె, ఒడ్డున వదిన నిలబడ్డది సుత కనబడుతుంటె, కెరటం గుద్దింది. పలకలు దేనికవి అయిపోయినయి. ఇద్దరు మనుషులు, చేతికి అందింది ఒక్క పలక. "తర్వాత నేను ఒడ్డుకొచ్చాను" అన్నడు. లేచి కాళ్ళు కడుక్కోనీకె పోయిండు.

తెల్లారి ఆ పడవను పొయ్యిలకు కొట్టేస్తడనుకున్న. లేచి చూస్తె మొలలు పీకుతున్నడు. ఒక్కొక్క మొల పీకి డబ్బాల ఏస్తున్నడు. "పలకలు మంచివే. కుట్టుకుంటే సముద్రానికి పనికొస్తుంది" అన్నడు. నా పైసలతోని, నా చేతులతోని నేనే తెచ్చి ఇచ్చిన గద! నన్ను నేను ఎంత తిట్టుకున్ననో నాకే తెల్సు.

పడవను కుడతరా, అదేమన్న రవికెనా అని మొదట ఎక్కిరిచ్చిన. ఆయన నవ్వలే. తాడు మోటబావుల సామాన్లు అమ్మే దుకాణంల తెచ్చిండు. కుట్ల కింద కుక్కనీకె పీచు కొనెటందుకు పైసల్లేక, బంగ్లాల పారేసిన కొబ్బరిపీచు పరుపు చింపుకొచ్చిండు. సాంబ్రాణి దుకాణంల గుగ్గిలం తెచ్చి, సందులు పూడ్చనీకె నూనెల మరగబెట్టిండు. మా వాకిలంత దర్గా వాసన.

ఆ కుట్టు ఇద్దరు చేసే పని. ఒకలు బయట కూచొని బెజ్జంల తాడు తోస్తరు, లోపల కూచున్నోళ్ళు బిగలాగి, మళ్ళ ఇంకో బెజ్జంల బయటికి తోస్తరు. ఆయన ఒక్కడే చేస్తున్నడు. నేను దండెం మీద బట్టలేసుకుంట చూసిన. తాడు తోసి "లాగన్నా" అంటడు. ఆగుతడు. ఒక మనిషి లాగనీకె ఎంతసేపు పడుతదో అంతసేపు ఆగుతడు. అప్పుడు లేచి, పడవలకు దిగి, తానే లాగి, మళ్ళ బయటికొచ్చి కూచుంటడు.

అట్ల ఎన్నాళ్ళు చూస్తం? ఒకనాడు నేనే చప్పుడు చెయ్యకుంట పోయి పడవల కూచున్న. బెజ్జంల నుంచి తాడు కొస బయటపడ్డది. "లాగన్నా" అన్నడు. లాగిన. కొంచెంసేపటికి ఇంకో తాడు వచ్చింది. "గట్టిగా లాగన్నా." గట్టిగ లాగిన. సూది పట్టిన చేతులు గద, నా బిగువు మంచిగ కుదిరింది. లోపల ఉన్నది నేనని ఆయనకు తెల్సో తెల్వదో, నేనడగలే, ఆయన చెప్పలే. రోజు అట్లనే కుట్టినం.

పడవల కూచుంటె ఆయన మొఖం కనబడదు, మాటలే ఇనబడుతయి. వాళ్ళన్నకు ఊరి ముచ్చట్లు చెప్తడు, నా వంట గురించి చెప్తడు, నా నోటి దురుసు గురించి చెప్తడు. నాకు నవ్వొచ్చేది. ఒకనాడు తాడు తోసి ఆగిండు. లాగమనలే. పలక అవతల నుంచి మెల్లగ, "ముందు నేనే పట్టుకున్నాను అన్నా. నువ్వు చెయ్యి వేశావు. పలక మునిగిపోతోందని నేనే నీ చెయ్యి తీసేశాను" అన్నడు. నేను తాడు కొస పట్టుకొని కూచున్న. వాళ్ళన్న ఉంటె ఏమనెటోడో నాకేం తెల్సు? ఊరికే తాడు లాగిన.

పడవ అయిపోయింది. "పోతాను" అన్నడు. "నేను సుత వస్త" అన్న. మా నాయిన వద్దన్నడు. "నా పడవ అది. నా పడవ ఎటు పోతె నేనటే" అన్న. పడవ గూడ్సుబండిల పోయింది, మేము దాని ఎనక రైల్ల పోయినం.

సముద్రాన్ని చూసేకంటె ముందు దాని చప్పుడు ఇన్న. ఎక్కడనో గోడలు కూలుతున్నట్టు, ఆగకుంట. ఇంత చప్పుడుల వీళ్ళు ఎట్ల పంటరో అనుకున్న. మా అక్క, అంటె ఆయన వదిన, ఎదురొచ్చింది. రూపాయంత బొట్టు, మోచేతుల దాక గాజులు, తలల పూలు. పక్కింట్ల పెండ్లికి పసుపు దంచి వచ్చిందట. నా గదుమ పట్టుకొని "అమీర్‌పేట చెల్లివా? పడవ కొన్నదానివి నువ్వేనా? ఎంత ధైర్యమే నీకు!" అని నవ్వింది. నాకు ఆమె మస్తు నచ్చింది. అన్నం వడ్డించుకుంట ఆమె మరిదితోని ఒక మాటన్నది. "రేపు వెళ్తావుగా. కనబడితే ఇంక ఇంటికి రమ్మను." ఏదో అంగడికి పోయిన మనిషి గురించి అన్నట్టే అన్నది. ఆయన తల ఊపిండు.

తెల్లారి పడవ ముక్కుకు పసుపు పూసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసిండ్రు. పల్లెంత ఒడ్డుకొచ్చింది. తోడు పోయే ఇద్దరు పడవల కూచున్నరు. ఆయన నడుములోతు నీళ్ళల్ల పడవ అంచు పట్టుకొని నిలబడ్డడు. ఎక్కలే. పక్కకు తిరిగి, "ఎక్కన్నా. పెద్దోడివి, నువ్వే ముందెక్కాలి" అన్నడు.

ఎవ్వలు నవ్వలే. ఎవ్వలు ఏమనలే. అనొద్దు గద! అంతకంటె ఘోరమేందంటె, పడవల కూచున్నోళ్ళల్ల ఒకడు జరిగి, పక్కన చోటిచ్చిండు.

ఆయన ఆగిండు. కెరటం వచ్చి పడవను ఎత్తి కుదేసింది. "అంచు తగుల్తుంది, పక్కకు రా" అని ఎవలో అరిచిండ్రు. ఆయన ఇనలే. పడవను ఇడిసిపెట్టి, ఒట్టి నీళ్ళ దిక్కు చెయ్యి చాపిండు. "రా అన్నా. చెయ్యియ్యి. ఈసారి వదలను" అనుకుంట లోపలికి నడుస్తున్నడు. నీళ్ళు ఛాతి దాక వచ్చినయి. అప్పుడు నాకర్థమైంది. ఈ మనిషి చేపల కోసం రాలే. తిరిగొచ్చెటందుకు రాలే. ఒడ్డు మీద అంత మంది మగోళ్ళున్నరు, ఒక్కడు నోరు తెరిచి అనాల్సిన మాట అంటలేడు.

నేను అన్న. చీరతోనే నీళ్ళల్లకు ఉరికి, గొంతు చిరిగేటట్టు అరిచిన. "మీ అన్న రాడయ్యా! మీ అన్న చచ్చిపోయిండు! నీ కండ్ల ముందరనే చచ్చిపోయిండు, నీకు తెల్సు!"

ఆయన చెయ్యి కిందికి దిగింది. నా దిక్కు తిరిగిండు. ఆ మొఖంల కోపం లేదు, ఏం లేదు. పడుకుంట లేసుకుంట ఒడ్డుకొచ్చి, వదిన కాళ్ళ కాడ ఇసుకల పడి, చిన్నపిలగాని లెక్క ఏడ్చిండు. నా పానం లేచి వచ్చింది. ఉన్నమాట చెప్తున్న, ఆ నిమిషం నాకు సంతోషమే అయింది. నా మొగుడు బతికి ఒడ్డు మీద ఉన్నడు. మళ్ళ అనాల్సి వచ్చినా ఆ మాట అంట.

"నిజమేనా మరిదీ?" అన్నది అక్క.

"నిజమే వదినా" అన్నడు.

ఆమె చుట్టూ ఉన్న ఆడోళ్ళు మెల్లగ ఒక్కొక్కలు ఎనకకు జరిగిండ్రు. పొద్దుగాల ఆమెతోని పసుపు పంచుకున్నోళ్ళే. ఆమె వాళ్ళ దిక్కు చూడలే. తడిసి నిలబడ్డ నా దగ్గరికొచ్చి, ఇసుకల కూచోబెట్టి, ఎదురుంగ కూచున్నది.

"నీ మొగుడు నీకు దక్కాడు చెల్లీ" అన్నది. "నా మొగుణ్ణెందుకు చంపావు?"

అని గాజులు తియ్యడం మొదలుపెట్టింది. ఒక్కటి పగలగొట్టలే. ఒక్కొక్కటి జాగ్రత్తగ తీసి నా ఒళ్ళె పెట్టింది. అవి ఇంకా వెచ్చగ ఉన్నయి.