రీఫండ్ నొక్కీకండి

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది జనవరిలో నన్ను రాంచీ నుంచి మా విమాన కంపెనీ జంషెడ్‌పూర్ కౌంటర్‌కు సీనియర్ ఆఫీసరుగా వేశారు. చిన్న విమానాశ్రయం, రోజుకొక్క కలకత్తా విమానం. పుట్టి పెరిగింది ఆ ఊరి బిర్సానగర్‌లోనే కాబట్టి ఇంటి భోజనం దొరికిందని సంబరపడ్డాను.

రెండో వారంలోనే విమానం మొరాయించింది. ఇంజన్‌లో లోపం, సర్వీసు రద్దు. ఇలాంటప్పుడు ప్రయాణికుడికి రెండు దారులు: పూర్తి డబ్బు వాపసు, లేదా మరో విమానంలో చోటు. ఎంచుకునేది ప్రయాణికుడు, కంపెనీ కాదు. అయితే ఫోన్‌కు వెళ్లే సందేశంలో రీఫండ్ బటన్ అరచేయంత ఉంటుంది. రెండోది అడుగున చీమ తలకాయంత. రీఫండ్ నొక్కారా, మా బాధ్యత తీరిపోయినట్టే. మా మేనేజరు సిన్హా గారు కూడా అందరిచేతా అదే నొక్కించి లైను ఖాళీ చేయమన్నారు.

లైనులో ఊళ్లోని బారిడీహ్ పేట నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు మేరమ్మ గారు ఉన్నారు. కలకత్తాలో విమానం మారి విశాఖ చేరాలి; మర్నాడు పొద్దున్నే అక్కడ ఆవిడ చెల్లెలికి గుండె ఆపరేషన్. అక్క వస్తే తప్ప బల్ల ఎక్కనని ఆ చెల్లెలు మొండికేసింది. రైల్లో వెళ్తే మర్నాడు మధ్యాహ్నానికి గాని చేరలేరు.

"ఏటి చేయమంటావు బాబూ? ఇది నొక్కీమంటన్నారు," అని ఫోన్ చూపించారు.

సిన్హా గారు నా పక్కనే ఉన్నారు. ఆయనకు తెలుగేం తెలుసులే అనుకుని, "నొక్కీకండమ్మా. వేరే విమానం కావాలని గట్టిగా అడగండి. రాంచీలో మధ్యాహ్నం కలకత్తాకు ఒకటుంది, అక్కడిదాకా కంపెనీ కారు కూడా అడగండి," అన్నాను.

"ఏటి మూర్తి గారూ," అన్నారు సిన్హా గారు, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే. "ఆ ముక్క ఆవిడికొక్కర్తికేనా? మిగతావోళ్లు మనుసులు కారేటి?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన పెరిగింది బారిడీహ్ క్వార్టర్లలో, తెలుగువాళ్ల పక్కింట్లోనట! ఇంతమంది తెలుగువాళ్లున్న ఈ ఊళ్లో పుట్టి ఆ మాత్రం ఊహించలేకపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన మాత్రం తన ఉత్తర్వు తనే వెనక్కి తీసుకుని, కార్లకు సంతకం పెట్టారు. నేను కౌంటర్ ఎదుటికి వచ్చి రెండు దారులూ హిందీలో గట్టిగా చెప్పాను.

మర్నాడు సాయంత్రం మేరమ్మ గారు ఫోన్ చేశారు. "చెల్లి బాగుంది బాబూ. బల్ల ఎక్కీదాకా నా చెయ్యి ఒగ్గనేదు." హమ్మయ్య అనుకున్నాను. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

ఆ తర్వాత విమానం ఎప్పుడు రద్దయినా ముందు ఆ ప్రకటన, తర్వాతే కంప్యూటర్. నేర్చుకున్నదింతే: ప్రయాణికుడి హక్కు మనవాళ్ల చెవిలో ఊదేది కాదు. ఆ రోజు నేను హిందీలో నోరు విప్పేలోగా రీఫండ్ నొక్కి వెళ్లిపోయినవాళ్లు ఆరుగురు. వాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.