జెట్టీ మీద వదిలిన తెలుపు

పోయిన వారం క్లాంగ్ పట్నంలో ఫ్రేములు కట్టే దుకాణానికి ఒక నీటిరంగుల బొమ్మ తీసుకెళ్లాను. పిన్ని పోయాక నాకు వచ్చింది, ఫ్రేముకు చెద పట్టింది. దుకాణాయన అద్దం తీసి, బొమ్మలో పడవలు కట్టే జెట్టీ మీది నల్ల మరక చూపించి, బూజు, తుడిస్తే పోతుందన్నాడు. అతని చేతిలోంచి బొమ్మ లాక్కున్నంత పని చేశాను. ముక్కూ మొహం తెలియని మనిషితో అంత దురుసుతనం నాకు అలవాటు లేదు.

ఆ బొమ్మ వేసింది రష్యా నుంచి వచ్చిన ముసలి చిత్రకారుడు. సముద్రం ఒడ్డున బాగన్ దాతుక్‌లో మా పిన్ని ఇంటి ముందుగదిలో మూడు నెలలు అద్దెకున్నాడు. పిన్ని ఆయన్ని రష్యా దొర అనేది. వాళ్ల ఊళ్లో చలికి కుంచె మీదే నీళ్లు గడ్డకడతాయట, అందుకని రంగునీళ్లలో కాస్త వోడ్కా కలిపేవాడట. కలపగా మిగిలింది ఏం చేసేవాడో మేం అడగలేదు. ఇక్కడ తిప్పలు వేరు, ఉక్కకు కాయితం రోజంతా ఆరదు. చివరికి పిన్ని కొబ్బరి ఎండబెట్టే పొయ్యి మీద, చిప్పల పక్కన, ఆయన నదులూ మబ్బులూ ఆరేవి. అన్నిటికీ కొబ్బరి పొగ వాసనే. యాభై ఏళ్లుగా నీళ్లూ ఆకాశమూ వేస్తున్నానని, మనుషుల్ని మాత్రం వేయనని చెప్పాడు.

అప్పటికి బాబాయి చేపలకని సముద్రంలోకి వెళ్లి రెండేళ్లు. పడవ దొరికింది, ఆయన దొరకలేదు. దర్భలతో మనిషిని చేసి దహనం చేయించమని చుట్టాలంతా పోరుతుంటే, పిన్ని బొట్టూ తాళీ తీసేది లేదని మొండికేసింది. దొర జెట్టీ బొమ్మ వేస్తుంటే వెనకాల నిలబడి, "మీ బాబాయినక్కడ ఎయ్యమని సెప్పు" అంది నాతో. నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన జెట్టీ చివర మనిషంత జాగాను రంగు తగలకుండా వదిలేశాడు. నీటిరంగుల్లో తెలుపంటే ఉత్త కాయితమేనట. రావలసినవాడు వస్తే నిలబడడానికి చోటుంచానన్నాడు.

ఆయన ఆ బొమ్మను పిన్ని ముందుగది గోడకే వదిలి వెళ్లిపోయాక వచ్చిన వానల్లో, ఆ తెల్లటి చోట అడుగున పాదాల్లా రెండు మరకలు కనిపించాయి. మరుసటి వానలకు మోకాళ్ల దాకా వచ్చాయి. పొగచూరిన కాయితానికి చెమ్మ పట్టిందని అందరికీ నచ్చజెప్పాను గాని, మిగతా బొమ్మంతా శుభ్రంగా ఎందుకుందో నాకూ తెలియదు. భుజాలు వచ్చిన ఏడాది ఆ గదిలో అడుగు పెట్టడం మానేశాను. భయమే, దాచుకోవడానికేముంది. పిన్ని మాత్రం రోజూ దాని కిందే కూర్చుని కూర తరుక్కునేది.

తల కూడా వచ్చిన పొద్దున పిన్ని నాకు ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే, ఆ మరక మనిషి ఇంటివైపే అడుగు వేస్తున్నట్టున్నాడు. పిన్ని కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

"ఏటలా సూస్తావు? ఇన్నేళ్లు నడిసి ఇప్పటికొచ్చినాడు. ఇంకా నిలబెట్టకూడదు. పంతుల్ని పిలూ."

ఆ మధ్యాహ్నమే దర్భ మనిషికి నిప్పు పెట్టాం. ఆ తర్వాత మరక చుక్కంత కూడా పెరగలేదు. ఆ ఏళ్లన్నీ పిన్ని బాబాయి కోసం ఎదురుచూసిందనే అనుకున్నాం; ఆమె తనని ఎప్పుడు వదులుతుందా అని ఆయనే అన్నేళ్లూ ఎదురుచూశాడేమోనని, నాకూ పిన్ని వయసొచ్చాక ఇప్పుడనిపిస్తోంది.