తెనాలి ఎంపీ గారికి అమ్మ రాయించిన అర్జీ

మా చిన్నప్పుడు... భట్టిప్రోలు దగ్గర మా ఊరి కాలువకి వంతెన లేదు. అడ్డంగా ఒక తాటి దూలం, అంతే. బడేమో అవతలి గట్టున. వానాకాలం దూలానికి పాచి పట్టేది... చెప్పులు చేత్తో పట్టుకుని దాటేవాళ్లం.

ఓ రోజు నేను ముందు నడిచాను, చెల్లి బుజ్జి వెనక. గట్టెక్కి తిరిగి చూస్తే దూలం మీద ఎవరూ లేరు.

ఏడాది తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. అప్పట్లో మాది తెనాలి పార్లమెంటు. దుగ్గిరాల నుంచి రేపల్లె దాకా అందరికీ ఒకే ఎంపీ. అమ్మకి చదువు రాదు, నాచేత అర్జీ రాయించింది. "గౌరవనీయులైన తెనాలి ఎంపీ గారికి" అని మొదలుపెట్టమంది.

"ఇంకా గెలవలేదుగా అమ్మా?"

"గెలిచాకేగా చదివేది... రాయవే."

నేను "మా చెల్లి" అని రాస్తే ఒప్పుకోలేదు. పేరు రాయించింది.

ప్రచారానికొచ్చిన పెద్దాయనకి హారతిచ్చి, ఆ పళ్లెంలోంచే అర్జీ అందించింది. ఆయన కళ్లొత్తుకుని, "వచ్చే వేసవికి వంతెనుంటుందమ్మా" అన్నాడు. అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను.

తర్వాత ప్రతి ఎన్నికలకీ ఎవరో ఒకరు రావడం, ట్రంకుపెట్టెలోని నకలు చూసి నేను మళ్లీ రాయడం... ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వాళ్లందరూ దాటారు. మా బుజ్జే దాటలేదు.

ఆ తర్వాత నియోజకవర్గాలు మార్చారు. తెనాలి పార్లమెంటే లేకుండా పోయింది. తెనాలి, దుగ్గిరాల గుంటూరు కిందకి, మేము బాపట్ల కిందకి వెళ్లాం. అమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె చెప్పినట్టే "తెనాలి ఎంపీ గారికి" అని రాసిచ్చాను. అదీ నేను చేసిన పాపం.

ప్రచారం జీపు దగ్గర ఓ కార్యకర్త చదివి వెనక్కిచ్చేశాడు. "ఇది తెనాలోళ్లకి రాసిందండి. మాది బాపట్ల."

తెనాలి సీటు తీసేశారని అప్పుడు చెప్పాను. అమ్మ నన్ను తిట్టలేదు. కాగితం మడిచి, "సీటు తీసేస్తే వాళ్లిచ్చిన మాట ఎవరి దగ్గరుంటదే?" అంది.

దూలం పుచ్చిపోతే ఊళ్లోవాళ్లే రెండు పాత కరెంటు స్తంభాలు వేశారు. పిల్లలు వాటి మీదే దాటుతున్నారు. చూడలేక తల తిప్పేసుకుంటాను.

మీలో పాత తెనాలి పార్లమెంటు వాళ్లుంటే చెప్పండి... మీ అర్జీలు ఎక్కడికి చేరాయి?

మొన్నటి ఎన్నికలకీ మా వీధిలోకి మైకొచ్చింది. అమ్మ హారతి పళ్లెం తీయలేదు. నన్ను కాగితం తెమ్మనీ అనలేదు.