కరెంటుతో పాటు పోయిన కీర్తి

నా చిన్నప్పుడు మా వంశం మొత్తానికి ప్రతిభ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ ప్రతిభ కాస్తా చెవిలో చుక్కల మందు వేస్తే నయమైపోయింది.

తొంభైల మాట. బెంగళూరు పాతపేటలో మా ఇల్లు. కింద మరమగ్గాలు, మిద్దె మీద మేము. పొద్దున మగ్గాలు మొదలైతే గోడకున్న క్యాలెండరు కూడా వణికేది. ఆ మోతలో గొంతుతో పని జరగదు కాబట్టి మావాళ్ళంతా పెదాలూ చేతులూ చూసి మాట్లాడుకునేవాళ్ళు. కడుపు మీద చెయ్యి వేస్తే అన్నానికి రమ్మని. ముక్కు పట్టుకుంటే ఎదురింటాయన వస్తున్నాడని.

ఈ విద్యలో నేను అందరినీ దాటేశాను. మగ్గాల అవతల నిలబడి మా నాన్న పెదాలు కదిపితే చాలు, ఇవతల నుంచి జవాబు చెప్పేదాన్ని. చీరలు కొనడానికి షావుకారు వస్తే మా తాత నన్ను పిలిచి ప్రదర్శన పెట్టేవాడు. "చూడప్పా సావుకారీ, మా పాపవి పాము చెవులు!" అని మురిసిపోయేవాడు. పాముకు బయటికి చెవులే ఉండవని తర్వాత సైన్సు పుస్తకంలో చదివాను. మా తాత తెలియకుండానే నిజం చెప్పాడన్నమాట.

ఆ వానాకాలమంతా నాకు జలుబే. ఒకరోజు చెవిపోటుతో ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే మా అవ్వ వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా పోసింది. కాసేపటికి చెవిలోంచి చీము కారింది, నొప్పి పోయింది. అవ్వ వైద్యం గురించి వీధంతా చెప్పుకున్నారు. కారడం మాత్రం ఆగలేదు. చెవిలో దూది కుక్కి బడికి పంపేవాళ్ళు. పిల్లలకు చెవి కారడమంటే మా వీధిలో పాలపళ్ళు ఊడటం లాంటిదే, ఎవరూ పట్టించుకోరు. బళ్ళో టీచరు బోర్డువైపు తిరిగి చదివిన మాటల్లో నాకు ఒక్కటీ రాసే యోగం లేదు. ఇంట్లో మేధావిని, బళ్ళో మొద్దుని. ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడు కొత్త కోడలిగా మా పిన్నమ్మ వచ్చింది. హిందూపురం వైపు, మగ్గాల్లేని ఇంటి పిల్ల. పెదాలు చదవడం రాదు కాబట్టి మా ఇంట్లో ఆమెను కొంచెం మందమతిగా లెక్కగట్టారు. మిద్దె మీద వెనకనుంచి పిలిస్తే నేను తిరిగి చూడటం లేదని ఆమె గమనించినట్టుంది. ఎవరితోనూ అనలేదు. అదను కోసం చూసింది.

ఆ అదను షావుకారు వచ్చిన రోజున దొరికింది. ప్రదర్శన మంచి ఊపులో ఉంది. మా చిన్నాన్న పిల్లిమొగ్గ తప్ప అన్ని వేషాలూ వేస్తూ ప్రశ్నలడుగుతున్నాడు, నేను టకటకా చెప్పేస్తున్నాను, షావుకారు తొడ చరుస్తున్నాడు. కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు పిన్నమ్మ నా వెనక నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, మెల్లగా అడిగిందట, "ఓబట్లు చేసినా. ఎవరికి కావాల?"

బొబ్బట్లనగానే మా మేనత్త పిల్లలు ఎగిరి గంతేశారు. షావుకారు కూడా సగం లేచాడు. నేను మాత్రం తరువాతి ప్రశ్న కోసం మా చిన్నాన్న ముఖంలోకి ఎంతో శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను.

తాత ముఖంలో రంగు మారింది. లేచి నా వెనక్కి వెళ్ళి పిలిచాడట. మళ్ళీ పిలిచాడట. నేను కదల్లేదు. "దిష్టి! సుమ్నే ఊరికే అందరి ముందర ఆడించినారు!" అంటూ అవ్వ నూనె గిన్నె పట్టుకొచ్చింది. అంతవరకు మా ఇంట్లో గొంతెత్తని పిన్నమ్మ ఆ గిన్నె లాక్కుంది. ఆమె పెదాలు నాకు స్పష్టంగా కనిపించాయి.

"పొయ్యొద్దత్తా! లోపల పొరకు బొక్క పడిండాదేమో. మా తమ్మునికీ ఇట్లే కారుతా ఉంటే నూనె పోస్తిమి. వాడికి ఇప్పుడు ఒక చెవి లేదు."

ఆ ఒక్క మాట చదివాక, అప్పటికి పిల్లల చేతుల్లో కనబడుతున్న ఓబట్ల మీద కూడా నాకు ఆశ పోయింది.

ఆటోలో చెవి డాక్టరమ్మ దగ్గరికి ఊరేగింపుగా వెళ్ళాం. ఆమె ఒక చెవిలో పొరకు చిల్లు చూపించింది, రెండో చెవిలో పొర వెనక నీరు నిలిచిందంది. జలుబు ముక్కు వెనకనుంచి చెవిలోకి పాకుతుందట. ఇంకా ఆలస్యమైతే వినికిడి తిరిగి రావడం కష్టమంది. చీము శుభ్రం చేసి, చుక్కల మందు ఇచ్చి, నొప్పి లేకపోయినా చెప్పినన్నాళ్ళూ వాడాలంది. స్నానానికి ముందు వాజిలీను రాసిన దూది పెట్టాలి, ముక్కు గట్టిగా చీదకూడదు, చెవిలో నూనె గీనె పోయకూడదు. ఇంట్లో బీడీ పొగ కూడా పిల్లల చెవులకు చేటని వినగానే మా తాత జేబు సర్దుకున్నాడు. ఆయన అగ్గిపుల్లతో చెవి గోక్కోవడం చూసి ఆమె ఆయన్నీ కుర్చీలో కూర్చోబెట్టింది. లోపల చర్మం చీరుకుపోయి పుండైంది. ఆయనకూ చుక్కలే. మా తాత బీడీ ఆనాటినుంచి వీధిలోకి మారింది. అవ్వ వెల్లుల్లి నూనె పులుసు తాలింపులోకి వెళ్ళింది, అక్కడ బాగా రాణించింది.

చెవులు మెల్లగా తెరుచుకున్నాయి. ముందు కొళాయి చుక్క వినిపించింది. పరుగెత్తుకెళ్ళి అందరికీ చెప్పాను. తర్వాత సందు చివర సొప్పు, అదే ఆకుకూరలు, అమ్మే ఆమె కేక. ఆ తర్వాత ఒక పొద్దున మగ్గాలు మొదలయ్యాయి. రెండు చెవులూ మూసుకుని, "ఆపండప్పా! ఇంత గోలలో ఎట్ల బతుకుతాండారు మీరు?" అని అరిచాను. నవ్వుతూనే పిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత షావుకారు వచ్చినప్పుడు నేను పెదాలు చూడటం మరిచిపోయి, ఆ మోతలో ప్రతిదానికీ "ఆఁ?" అన్నాను. మా వంశంలో మళ్ళీ ప్రతిభావంతులెవరూ పుట్టలేదు.

ఇప్పటికీ ఎవరైనా, "మా పిల్ల ఎంత ఒద్దికో! టీవీ ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడినా కదలదు" అని మురిసిపోతే అందరిలా భేష్ అనడం నాకు చేతకాదు. "జలుబెప్పుడు చేసింది?" అని అడుగుతాను. చాలామంది మొహం ముడుచుకుంటారు. వాళ్ళు మొహం ముడుచుకునేలోపే నేను పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడతాను.