నేను దాచిన ఎనిమిది నిమిషాలు

ఎనిమిది నిమిషాలు. ఏడేళ్ళుగా నేను మోస్తున్నది అంతే. చెబితే నవ్వుతారేమో. ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఒక పరీక్షకు టైము ఎంతో ఒక మనిషికి చెప్పలేదు, అంతే కదా అని నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో లెక్క లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది మద్రాసులో సౌకార్‌పేట. తాతల నాటి నుంచి పప్పుల టోకు వ్యాపారం. ఇంట్లో ఇంగ్లీషు బీఏ చదివినదాన్ని నేనొక్కదాన్నే. చదివి ఏం సాధించాను? కాలేజీ ఉద్యోగం రాలేదు, స్కూలు ఉద్యోగం నిలవలేదు. ముప్పై దాటాక నాకంటూ మిగిలింది ఒక్కటే, ఇంగ్లీషు టీచరమ్మ అనే పేరు. ఆ పేరు ఎవరైనా వేలితో తాకినా ఓర్చుకోలేకపోయేదాన్ని. ఇది ముందే చెప్పేస్తే నయం. తర్వాత జరిగినదానికి మూలం ఇదే.

ఊరికి ఉత్తరాన మనలి అనే చోట ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. పేరు వద్దు. ఆ రోజుల్లో దానికి ఒక విదేశీ కంపెనీతో పొత్తు కుదిరింది. నోటీసులు, డ్రమ్ముల మీద చీటీలు, సెలవు కాగితాలు అన్నీ ఇంగ్లీషులోకి మారాయి. కాంట్రాక్టు మీద పదేళ్ళకు పైగా పనిచేసినవాళ్ళు ఇంగ్లీషు చదివే పరీక్ష ఒకటి పాసైతే పర్మనెంటు చేస్తామన్నారు. పర్మనెంటు అంటే వాళ్ళకు ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. జబ్బు చేస్తే ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి. మేస్త్రీ రేపు రావద్దంటే అన్నం పోతుందనే భయం ఉండదు. ఇంకో మాట కూడా ఫ్యాక్టరీలో తిరుగుతుండేది. రాసి తప్పినవాళ్ళను కాంట్రాక్టులోంచి కూడా ముందుగా తీసేస్తారని. అది నిజమో పుకారో ఎవరికీ తెలియదు. అందరూ నమ్మారు.

వాళ్ళకు చదువు చెప్పడానికి నన్ను పెట్టారు. ఆదివారాలు పొద్దున, ఫ్యాక్టరీ దగ్గరి ప్రైమరీ స్కూల్లో. ఇరవై ఎనిమిది మంది మగవాళ్ళు, పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాళ్ళు. నన్ను చూడగానే లేచి నిలబడేవాళ్ళు. బెంచీలోంచి లేవడానికే వాళ్ళకు అవస్థ. వద్దని ఒక్కసారి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. వాళ్ళు లేచి నిలబడడం నాకు బాగుండేది.

నేను చెప్పింది చదువు కాదు, కిటుకు. ముందు ప్రశ్న చూడండి. అందులో ఉన్న మాట నోటీసులో ఎక్కడుందో వేలితో వెతకండి. దొరికిందా, పక్కనున్నది చూసి టిక్కు పెట్టండి. మిగతాది చదవద్దు, అర్థం చేసుకోవాలని కూర్చోవద్దు, టైము పోతుంది. నలభై ప్రశ్నలు, ఇరవై రెండు నిమిషాలు. పాసు కావాలంటే ముప్పై ఆరు రావాలి.

నిజానికి పరీక్ష ముప్పై నిమిషాలు. కంపెనీ కాగితంలో తేదీ ఉంది కానీ టైము లేదు. అది ఫ్యాక్టరీలో ఉద్యోగాలు చూసే పర్సనల్ ఆఫీసరు నాకు మాత్రమే చెప్పాడు. ఇది మోసం అని అప్పుడు నేను అనుకోలేదు, ఇప్పుడూ అనను. నేను షార్ట్‌హ్యాండు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు పరీక్షలో కంటే వేగంగా డిక్టేషన్ చదివేవారు. పరీక్ష హాల్లో కూర్చుంటే చేతులు వాటంతట అవే పరిగెత్తేవి. నేనూ అదే పని చేశాను. చివరి ఆదివారం అసలు టైము చెప్పేస్తే అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఉపాయం మంచిదే. చెప్పాల్సినవాళ్ళందరికీ చెబితే.

ఆ ఇరవై ఎనిమిది మందిలో దేవదానం ఒకడు. ఒకడు అని రాశాను చూడండి. నాకంటే పన్నెండేళ్ళు పెద్దాయన. డ్రమ్ములు దొర్లించే పని. ఎన్నూరులో ఇల్లు, ఆదివారం మొదటి ప్రార్థనకు వెళ్ళి, అదే తెల్ల చొక్కాతో క్లాసుకు వచ్చేవాడు. నా కిటుకు ఆయనకు ఒంటబట్టలేదు. నోటీసు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పెదాలు కదుపుతూ చదివేవాడు. నేను టైము అయిపోయిందనేసరికి ముప్పై రెండో ప్రశ్నో ముప్పై మూడో దగ్గర ఉండేవాడు. రాసినవి మాత్రం ఒక్కటీ తప్పు ఉండేది కాదు.

ఒక ఆదివారం మాస్కుల నోటీసు ఒకటి ఇచ్చాను. నేనే తయారు చేసింది. ఫలానా షిఫ్టువాళ్ళు ఆదివారం మాస్కు ఎక్కడ తీసుకోవాలి అని ప్రశ్న. స్టోర్సులో అని జవాబు చెప్పాను. దేవదానం చెయ్యెత్తాడు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉందని, ఆదివారం స్టోర్సు మూసేస్తారు కాబట్టి గేటు దగ్గర తీసుకోవాలని ఉందని మెల్లగా చెప్పాడు. నిజమే. నేనే రాసి నేనే మరిచిపోయాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పరీక్షలో ఇలాంటివి రావు, ఇంత చదివితే టైము చాలదు అని కసిరేశాను. ఆయన కూర్చున్నాడు. అంతే జరిగింది. కానీ ఇంటికి వచ్చేదాకా బస్సులో నా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఇక్కడ నన్ను నేను ఒక మాట అడగాలి. ఆ తప్పు ఇంకెవరైనా చూపించి ఉంటే నాకు అంత మంట పుట్టేదా? పర్సనల్ ఆఫీసరు చూపించి ఉంటే థాంక్స్ అని దిద్దుకునేదాన్ని. మా వీధి షావుకారు చూపించినా నవ్వి ఊరుకునేదాన్ని. డ్రమ్ములు దొర్లించే మనిషి, ఊరవతల పేటవాడు, ఆ కులంవాడు నన్ను దిద్దాడు. నాకు మంట పుట్టింది అందుకు. ఈ వాక్యం రాయడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

పరీక్షకు ఇంకా పదిహేను రోజులున్నాయి. క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళిపోయినా దేవదానం నిలబడ్డాడు. పేపరు మొత్తం పూర్తిచేస్తాను, ఎంతసేపు పడుతుందో చూడమని అడిగాడు. చూశాను. కొత్త పేపరు ఇచ్చాను. ఇరవై ఆరు నిమిషాలకు పెన్ను కింద పెట్టాడు. దిద్దాను. నలభైకి నలభై. ఆ బ్యాచిలో నలభై తెచ్చుకున్నవాళ్ళు అప్పటికీ తర్వాతా ఇంకొకరు లేరు.

ఆయన నా చేతి గడియారం వంక చూశాడు.

"ఎంత అయింది టీచరమ్మా?"

"ఇరవై ఆరు. నాలుగు నిమిషాలు ఎక్కువ."

"ఇంకా రెండు వారాలు ఉండాది గదా. స్పీడు వస్తాదా?"

నేను పేపర్లు సర్దుకుంటూ ఉన్నాను. ఆయన మొహం చూడకుండా, "వయసు కూడా ఉంది కదండీ" అన్నాను.

"రాసి తప్పితే ఉండే పని గూడా పోతాదంటా ఉండారు. ఇంట్లో నలుగురం. ఏం చేసేదో తెలవడంలే. మీరు చెప్పండి. మీరు వద్దంటే రేపే పేరు తీయించేస్తా."

ఎంత తేలిక! దేవదానం గారూ, పరీక్ష ముప్పై నిమిషాలండీ, ఎవరికీ చెప్పకండి అంటే సరిపోయేది. నాలుక చివరనే ఉంది. నేను వద్దంటే ఆయన ఆఫీసుకు వెళ్ళి పేరు తీయించుకుంటాడని తెలుసు. నా మాట వేదవాక్కు ఆయనకు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మాత్రం వెనక బెంచీలోని ఆ నవ్వు.

"వద్దు లెండి" అన్నాను.

"సరి టీచరమ్మా" అన్నాడు. బెంచీ తోసుకుని లేచి, దాన్ని మళ్ళీ వరుసలో సరిగ్గా పెట్టి వెళ్ళిపోయాడు.

కోపంలో నోరు జారాను అనుకుందామా? ఏడేళ్ళలో నాకు నేను ఇచ్చుకున్న జవాబుల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కానీ అది అబద్ధం. ఎందుకంటే నాకు ఇంకో అవకాశం వచ్చింది. చివరి ఆదివారం అసలు టైము చెప్పాను. క్లాసంతా ఈలలు, చప్పట్లు. ఆ గోలలో మునిరత్నం లేచాడు, దేవదానం పక్కన కూర్చునే మనిషి. ఈ సంగతి దేవదానం అన్నకు తెలిస్తే రాస్తాడు కదా, సైకిలు మీద ఇప్పుడే పోయి చెప్పనా అని అడిగాడు. పేర్లు పంపేశారు, ఇక కుదరదు అన్నాను. సోమవారం సాయంత్రం దాకా పేర్లు చేర్చవచ్చని పర్సనల్ ఆఫీసరు నాతో అన్నాడు. అది నాకు బాగా గుర్తుంది. ఆ పూట కోపం కూడా లేదు. మొదటి అబద్ధం బయటపడుతుందనే భయం మాత్రం ఉంది. పైగా ఇరవై ఏడు మందీ గట్టెక్కేలా ఉన్నారు, మధ్యలో ఈయన ఎందుకు అనుకున్నాను. మనిషి ఎంత నీచంగా ఆలోచించగలడో నాకు పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు.

ఇరవై ఏడు మందీ పాసయ్యారు. మూకుమ్మడిగా అందరూ తప్పు రాసిన ప్రశ్న ఒకటుందని ఆఫీసరు నవ్వుతూ చెప్పాడు. నోటీసు కింద చిన్న అక్షరాల్లో ఉన్న వరుసను ఎవరూ చూడలేదట. నేనూ నవ్వాను. తర్వాత సొంతంగా ఇంగ్లీషు ట్యూషన్లు పెట్టి నేను వేయించిన కరపత్రాల్లో నూటికి నూరు శాతం అని పెద్ద అక్షరాల్లో ఉండేది. అది చూసే జనం వచ్చారు. ఈ రోజు నేను తినే తిండి ఆ అక్షరాలదే.

ఈ మధ్యలో ఊరి పేరు కూడా మారిపోయింది. మద్రాసు చెన్నై అయింది. పోయిన నెల తిరువొత్తియూరు బస్టాండులో దేవదానం కనిపించాడు. నేను తప్పుకుందామనుకునేలోపే ఆయన చూశాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఇంకా కాంట్రాక్టే, ఇప్పుడు ఎన్నూరులో ఏదో లారీల యార్డులో. దండం పెట్టాడు. ఆ రోజు మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పారు, ఇంకొకరైతే రాయమని ముంచేసేవాళ్ళు, మీ మేలు మరిచిపోను అన్నాడు. నాకు. మేలు అన్నాడు.

అక్కడితో ఆగి ఉన్నా బాగుండేది. ఆయనకు ఒక కూతురు. ప్లస్ టూ లో మంచి మార్కులు తెచ్చుకుందట. బ్యాంకు పరీక్షలకు చదువుతానని అడిగిందట. ఈయన వద్దన్నాడట.

"దానికీ నా తలకాయే టీచరమ్మా. అర్థమయిందాకా వదల్దు. ఆ పరీక్షలన్నీ టైము పెట్టి రాసేవంట గదా. మావోళ్ళు నిదానం, అది మాకు అయ్యే పని కాదు, ఒత్తుకురాదు అని చెప్పేసినా. ఎక్స్‌పోర్టు కంపెనీలో బట్టలు మడిచే పనికి పోతా ఉండాది."

నేను ఏమన్నానో తెలుసా? "అలాగా" అన్నాను. ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. ఇల్లు ఎక్కడో చెప్పి, ఒకసారి రమ్మన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాడు. ఆయనకు దక్కాల్సిన ఉద్యోగం పోగొట్టానని మాత్రమే ఇన్నాళ్ళూ నేను ఏడ్చాను. తాను మందమతినని ఆ మనిషి నమ్మాడని, ఆ నమ్మకాన్ని ఇంట్లో ఇంకొకరికి కూడా పంచిపెట్టాడని నాకు అప్పుడే తెలిసింది. ఉద్యోగం పోతే పోయింది అనుకుందాం. దీన్ని ఏమనుకోవాలి?

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు నన్ను క్షమించడానికి? రాసేశాక మాత్రం ఊపిరి లోపలిదాకా పోతోంది. సిగ్గులేని ఊపిరి. ఆ అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ పరీక్షలకు ఇంకా బోలెడు వయసుంది. వాళ్ళ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు. నెల రోజులైంది, నేను ఇంకా వెళ్ళలేదు.